పదిహేడో డిస్కు

బర్న్‌లీ లైబ్రరీ పై అంతస్తులో
స్థానిక చరిత్ర గది.
గోడ గడియారానికి కూడా ఎవరో బ్యాటరీ తీసేశారు,
టిక్కుటిక్కుమంటోందని.

అక్కడ నా ల్యాప్‌టాప్ నోట్లో
డిస్కు పెట్టిన ప్రతిసారీ
ముందొక గుటక,
తర్వాత కీచుమని దగ్గు,
ఆపైన గిర్రుమని లేస్తుంది
మూకుడు కింద చిక్కిన తుమ్మెదలా.

ఆరు తలలు లేస్తాయి.
ఎవరూ ఒక్క మాటనరు. ఇది ఇంగ్లండు.
కిటికీ దగ్గరామె పేజీ కాస్త గట్టిగా తిప్పుతుంది, అంతే.
ఆ కాగితం చప్పుడుకే నా చెవులు కాలిపోతాయి.

తెలిసిన ఉపాయాలన్నీ చేశాను.
అడుగున మడిచిన స్వెటరు.
డ్రైవు తలుపు మీద బొటనవేలు,
ఏడ్చే పిల్లాడి పెదాల మీద పెట్టినట్టు.
వేగం తగ్గించే సెట్టింగు ఒకటుందన్నాడు తమ్ముడు.
తగ్గిస్తే గొంతు బొంగురుపోయింది గానీ నోరు మూయలేదు.
కింద రోడ్డు మీద బస్సు ఎత్తెక్కేదాకా ఆగి
ఆ మోతలో నా మోత కలిపేశాను.
రేడియేటర్ గొణుగుతున్న రోజు దాని పక్కకి జరిగాను,
తప్పు దాని మీదికి పోతుందని.

డిస్కులు ఇంటికి తీసుకెళ్తానంటే
గ్లెనిస్ నవ్వుతూ తల అడ్డంగా ఊపింది.

నలభై డిస్కులు.
ఎప్పుడో మూతపడ్డ నేతమిల్లుల్లో
పనిచేసిన ఆడవాళ్ళ మాటలు.
విని టైపు కొట్టాలి, గంటకింతని ఇస్తారు.

హెడ్‌ఫోన్సులో హిల్డా ఎంట్విసిల్ అంటోంది:
"షెడ్డులో మూడొందల మగ్గాలు, బిడ్డా.
అరిస్తే నీ అరుపు నీకే వినపడదు.
మూతి బాగా సాగదీసి, పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళం.
ఆ చివరున్న డోరిస్ నీళ్ళోసుకుందని
ఈ చివర నాకు తెలిసింది, వాళ్ళాయనకంటే ముందు.
ఇంటికెళ్ళినా గొంతు తగ్గేది కాదు.
పిల్లలు కోపమనుకునేవాళ్ళు."

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.
మళ్ళీ.

సిరిసిల్లలో మా కార్ఖానాకి ఎనిమిది సాంచాలు.
ఆ టకటకలోనే నిద్రపోయేవాళ్ళం,
కరెంటు పోతే ఉలిక్కిపడి లేచేవాళ్ళం.
నాయిన మంచినీళ్ళడిగినా తిట్టినట్టే ఉండేది.
అది కోపం కాదని
ఇన్నేళ్ళకి, ఈ ఊళ్ళో, ఈ ముసలమ్మ చెప్పాలా నాకు?

పదిహేడో డిస్కు మీద గీత.
డ్రైవు చదవబోయి, జారి, మళ్ళీ చదవబోయి
రంపంలా అరవడం మొదలుపెట్టింది.
బటన్ నొక్కితే బయటికి రాదు.
గుండుసూది గుచ్చే బెజ్జం ఎక్కడుందో వెతుకుతుంటే
ఎదుటి బల్ల దగ్గర
శ్మశానం రిజిస్టర్లు చదివే పెద్దాయన లేచాడు.
ఇటే వస్తున్నాడు.
సారీని నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆయన ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించాడు,
జ్వరం చూసినట్టు.
కాసేపలాగే ఉంచాడు.
మెడలోని ఊలు మఫ్లరు తీసి
నాలుగు మడతలు పెట్టి దాని కిందికి తోశాడు.
తర్వాత మూతి సాగదీసి
గొంతు లేకుండా ఏదో అన్నాడు.
చెవి వెనక గోధుమరంగు మిషను అప్పుడు చూశాను.

అర్థం కాలేదు.
మళ్ళీ అన్నాడు, ఇంకా పెద్దగా, చప్పుడు లేకుండానే.
అమ్మ అన్నట్టుంది.
మగ్గం అన్నట్టూ ఉంది.
రెండు మాటలకీ ఆయన భాషలో
చివర పెదాలు మూసుకోవాల్సిందే.

నేనూ మూతి సాగదీశాను.
తెలుగే వచ్చింది.
తలూపాడు, వెళ్ళి కూర్చున్నాడు
మఫ్లరు లేని మెడతో.

డ్రైవు ఇంకా తిరుగుతూనే ఉంది.
కిటికీ దగ్గరామె చూస్తూనే ఉంది.
నేను టైపు చేశాను:
పదిహేడో డిస్కు, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.
మిగతాదంతా చప్పుడు.